ఇరుగు పొరుగు: బురద పొలంలో మిగిలిపోయిన ముక్క

పోయిన నెల ఈ శీర్షికలో చిలగడదుంపల సంగతి రాశాం. దేశం మొత్తం మీద ఆ దుంపలు ఎక్కువగా పండేది మన నార్త్ కేరొలైనాలోనేనని చదివి ఆశ్చర్యపోయామని ఇద్దరు ముగ్గురు ఫోను చేశారు. ఈ నెలా ఆ తూర్పు పొలాల వైపే తీసుకెళ్తున్నాం గాని, ఈసారి భూమిలో ఉన్నది దుంప కాదు.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా ఇంటికి ఫోను వచ్చింది. మనలో చాలామందికి తెలిసిన డాక్టరు దంపతులే, పేరు అక్కర్లేదు. ఆయనకి గోల్డ్స్‌బరో దగ్గర ఒక ఆసుపత్రిలో మంచి ఉద్యోగం ఖాయమైంది. ఇల్లు కూడా చూసుకున్నారు, పదిహేను మైళ్ళ దూరంలో, ఎకరం స్థలం, వెనక పెకాన్ చెట్లు. అడ్వాన్సు ఇవ్వబోతుండగా ఆవిడకి ఎవరో చెప్పారట, అక్కడ భూమిలో అణుబాంబు ఉందని.

"అన్నయ్యగారూ, మీరు ఊళ్ళ సంగతులన్నీ రాస్తుంటారు కదా. ఇది నిజమేనా? పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళమంటారా, వద్దంటారా?" అని అడిగారు. డాక్టరుగారు పక్కనుంచి, "అదంతా పాత కథండీ, ఎప్పుడో అరవైల్లో సంగతి" అని నవ్వుతున్నారు. ఆవిడ నవ్వడం లేదు.

నిజం చెప్పాలంటే మేమూ తెల్లమొహం వేశాం. ఈ రాష్ట్రంలో ఇరవై ఏళ్ళకి పైగా కాపురం ఉంటున్నాం. సముద్రానికి వెళ్ళేటప్పుడల్లా ఆ గోల్డ్స్‌బరో పక్కనుంచే పోతాం. సేమూర్ జాన్సన్ వైమానిక స్థావరం నుంచి లేచిన విమానాలు నెత్తిమీదుగా వెళ్తుంటే పిల్లలు చెవులు మూసుకోవడం, మేము పులిహోర డబ్బా మూత తీయడం, అంతవరకే మా పరిచయం. ఏదో విన్నట్టు గుర్తు, అంతే. రెండు రోజులు అడిగి చెబుతామని ఫోను పెట్టేసి, చదవడం మొదలుపెట్టాం. రెండు రోజులనుకున్నది రెండు వారాలైంది.

సంగతి 1961 జనవరిది. కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది 20వ తేదీన. మూడు రోజులు గడిచి నాలుగో రోజు పుట్టిన కాసేపటికే ఇది జరిగింది.

అప్పటి పద్ధతి ఏమిటంటే, రష్యావాళ్ళు ఉన్నపాటున క్షిపణులు వేస్తే నేలమీదున్న బాంబర్లన్నీ గూట్లో కోడిపిల్లల్లాగా పోతాయని భయం. అందుకని కొన్ని బి-52 విమానాల్ని నిజమైన హైడ్రోజన్ బాంబులతో సహా ఆకాశంలోనే తిప్పుతూ ఉండేవారు. ఒకటి దిగేలోపు ఇంకొకటి లేవాలి. గంటల తరబడి తిరగాలి గనక గాలిలోనే ఇంకో విమానం వచ్చి ఇంధనం పోసి వెళ్ళాలి. ఆ రాత్రి సేమూర్ జాన్సన్ నుంచి లేచిన బి-52జి రకం విమానం అలాంటిదే. లోపల 8 మంది మనుషులు, రెండు మార్క్ 39 బాంబులు. ఒక్కొక్క బాంబు శక్తి సుమారు 38 లక్షల టన్నుల టీఎన్టీకి సమానం. హిరోషిమా మీద వేసినదానికి ఇది 250 రెట్లు. మేము ఈ అంకె రెండుసార్లు లెక్క వేసి చూసుకున్నాం.

అర్ధరాత్రి వేళ ఇంధనం పోయడానికి దగ్గరికొచ్చిన విమానంవాళ్ళు చూశారు, బి-52 కుడి రెక్కలోంచి ఇంధనం కారిపోతోందని. పోయడం ఆపేశారు. సముద్రం మీద తిరుగుతూ ఉన్న ఇంధనం తగ్గించుకోమని ముందు ఆజ్ఞ వచ్చింది. ఆ లోపలే కారడం ఎక్కువై, మూడు నిమిషాల్లో 37,000 పౌన్లు, అంటే దాదాపు 17 టన్నులు పోయింది. వెంటనే వచ్చి దిగమన్నారు. దిగడానికి వస్తూ 10,000 అడుగుల ఎత్తుకి చేరేసరికి విమానం చెప్పినమాట వినడం మానేసింది. 9,000 అడుగుల దగ్గర కమాండరు మేజర్ టుల్లక్ అందర్నీ దూకమన్నాడు. విమానం గాలిలోనే ముక్కలైంది. గోల్డ్స్‌బరోకి ఉత్తరాన 12 మైళ్ళలో ఫారో అనే చిన్న పల్లె ఉంది, దాని చుట్టుపక్కల పొలాల్లో రెండు చదరపు మైళ్ళ మేర శకలాలు పడ్డాయి.

రెక్క ఎందుకు విరిగింది అంటారా? ఆ జి రకంలో విడిగా తొట్లు పెట్టడం మానేసి రెక్కనే ఇంధనం తొట్టిగా చేశారు. దానివల్ల ఎక్కువ ఇంధనం పట్టింది, ఎక్కువ దూరం పోగలిగింది. కాని పాత రకాలతో పోలిస్తే రెక్క మీద పడే ఒత్తిడి 60 శాతం ఎక్కువైందని తర్వాత తేలింది. 1964లో రెక్కల్ని బలపరిచారు. మనలో ఇంజనీర్లకి వేరే చెప్పక్కర్లేదు, ఒక చోట లాభం లాగితే ఇంకో చోట బిల్లు వస్తుంది.

ఎనిమిది మందిలో ముగ్గురు చనిపోయారు. అయిదుగురు బతికి బయటపడ్డారు. ఆ అయిదుగురిలో లెఫ్టినెంట్ ఆడమ్ మ్యాటక్స్ కథ విడిగా చెప్పుకోవాలి.

బి-52లో పైకి విసిరేసేవీ, కిందికి విసిరేసేవీ కలిపి ఆరు సీట్లే ఉంటాయి. మీట లాగితే సీటుతో సహా మనిషి బయటపడతాడు. మ్యాటక్స్ ఆ రాత్రి అదనపు పైలట్, అలాంటి సీటు లేదు. వేరొకరి సీటు ఎగిరిపోయిన తర్వాత మిగిలిన పైకప్పు కంతలోంచి, తిరిగిపోతున్న విమానంలోంచి, చేతులతో పాక్కుంటూ బయటికొచ్చాడు. బి-52 పై కంతలోంచి అలా సీటు లేకుండా దూకి బతికినవాడు ఆయనొక్కడేనని చెబుతారు. పారాచూట్ విచ్చుకుంది. చీకట్లో పొలంలో దిగాడు. దగ్గర్లో ఉన్న ఒక రైతు ఇంటివాళ్ళు కారులో స్థావరం గేటు దాకా దింపారు. అక్కడ కాపలావాళ్ళకి కనిపించింది ఏమిటి? అర్ధరాత్రి దాటాక, చేతిలో పారాచూట్‌తో, ఒక నల్లవాడు. పారాచూట్ దొంగతనం చేశాడని పట్టుకున్నారట. 1961, కేరొలైనా. విమానం కూలిపోయిందని స్థావరంలోపలికి ముందుగా కబురు చేరవేయవలసిన మనిషి గేటు దగ్గర దొంగగా నిలబడ్డాడు. ఇది చదివి మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మనలో పాతవాళ్ళు, మొదట్లో అద్దె ఇళ్ళ కోసం తిరిగినవాళ్ళు, ఈ గేటు సంగతి కొంత అర్థం చేసుకోగలరు. ఆయన పడ్డదానితో మనం పడ్డది పోల్చుకోకూడదు, అది వేరే మాట.

ఇక బాంబులు.

విమానం విరిగేటప్పుడు రెండూ విడివిడిగా ఊడిపడ్డాయి. మొదటిది, మనిషి కావాలని వదిలితే ఏం చేయాలో అచ్చం అదే చేసింది. కొక్కెం నుంచి జారగానే కడ్డీలు ఊడిపోయాయి. అవి ఊడితే బాంబు "నన్ను వదిలారు" అనుకుంటుంది. గడియారం తిరగడం మొదలైంది. పారాచూట్ విచ్చుకుంది. బ్యాటరీ మేల్కొంది. మెల్లగా దిగి ఒక చెట్టుకి పారాచూట్ చిక్కుకుని, ముక్కు మట్టిలో దిగబడి, నిలువుగా నిలబడింది. నేలకి తగలగానే పేలమని చెప్పే సంకేతం కూడా బయలుదేరింది. ఆ సంకేతం వెళ్ళి ఆగిపోయిన చోటు ఒకటే. విమానంలో మనుషులు తిప్పితే తప్ప తిరగని ఒక స్విచ్చి. దానికి రెండు స్థానాలు, ఒకటి "సేఫ్", ఒకటి "ఆర్మ్". అది సేఫ్‌లో ఉంది. అంతే.

రెండోదాని పారాచూట్ విచ్చుకోలేదు. గంటకి 700 మైళ్ళ వేగంతో వచ్చి బురద పొలంలో కూరుకుపోయి ముక్కలైంది. దాన్ని తవ్వి తీయడానికి ఒహాయో నుంచి లెఫ్టినెంట్ జాక్ రెవెల్ అనే కుర్ర ఆఫీసరు తన జట్టుతో వచ్చాడు. వయస్సు 25. జనవరి చలి, ఎంత తోడినా ఊరే నీరు. రోజుల తరబడి బురదలో చేతులు పెట్టి బాంబు ముక్కలు ఏరారు. ఒక రోజు జట్టులో ఒకడు, స్విచ్చి దొరికిందని కేకేశాడు. రెవెల్ సంతోషించాడు. సంతోషించకండి, ఇది ఆర్మ్‌లో ఉంది అన్నాడు ఆ మనిషి. రెవెల్ ముసలితనంలో కూడా ఈ మాటలు మరచిపోలేదు, అడిగినవాళ్ళకల్లా చెప్పాడు.

తర్వాత ప్రయోగశాలలో విప్పి చూసి, పడిన దెబ్బకి లోపలి గుర్తు తిరిగిందే గాని విద్యుత్తుకి దారి తెరుచుకోలేదని తేల్చారు. పైగా పారాచూట్ విచ్చుకోలేదు గనక ముందు జరగవలసిన వరుస అంతా పూర్తి కాలేదు. అంటే ఒక బాంబుకి వరుస పూర్తయింది, స్విచ్చి కాపాడింది. ఇంకోదాని స్విచ్చి తిరిగినట్టు కనిపించింది, వరుస పూర్తికాక ఆగింది. ఆ రెండు పరిస్థితులూ ఒకే బాంబులో కలిసి ఉంటే? ఈ ప్రశ్న మమ్మల్ని రెండు రాత్రులు పట్టుకుంది. జవాబు చెప్పగలవాళ్ళు మన సొసైటీలోనే ఉన్నారు. జవాబు మాకు అక్కర్లేదు.

రెండో బాంబులో ప్లుటోనియం ఉన్న మొదటి భాగం దొరికింది. యురేనియం ఉన్న రెండో భాగం మాత్రం చాలావరకు దొరకలేదు. తవ్వుతుంటే నీరు ముంచేసి గొయ్యి నిలవలేదు. చివరికి వదిలేశారు. అది సుమారు 180 అడుగుల లోతున ఉందని విశ్వవిద్యాలయంవాళ్ళు లెక్క కట్టారు. ఆ చోటు మీద 400 అడుగుల వ్యాసంతో ఒక వలయం గీసి, సైనిక ఇంజనీర్ల శాఖ రైతు నుంచి ఆ హక్కు కొనుక్కుంది. పైన పంట వేసుకోవచ్చు, అయిదడుగులకి మించి తవ్వకూడదు. ఈ నేలకీ మన ఊళ్ళో గుడి మాన్యానికీ పోలిక ఉందని మేము అంటే మా అబ్బాయి నవ్వాడు. దున్నుకో, కాని నీది కాదు!

అప్పట్లో వైమానికదళం చెప్పింది ఒకటే, ప్రజలకి ఏ ప్రమాదమూ లేదని. పేపర్లూ అదే రాశాయి. లోపలివాళ్ళ మాట బయటికి రావడానికి 52 సంవత్సరాలు పట్టింది. శాండియా ప్రయోగశాలలో బాంబుల భద్రత చూసే పార్కర్ జోన్స్ అనే అధికారి 1969లోనే ఒక నివేదిక రాశాడు. ఎరిక్ ష్లోసర్ అనే రచయిత సమాచార హక్కు చట్టం కింద అడిగి దాన్ని తెప్పించాడు, 2013లో పత్రికల్లో వచ్చింది. జోన్స్ చెప్పినదాని సారం ఇది: అమెరికాకీ మహా విపత్తుకీ మధ్య నిలిచింది ఒకే ఒక సాదా, తక్కువ వోల్టేజి స్విచ్చి. విమానం ముక్కలయ్యేటప్పుడు ఎక్కడో రెండు తీగలు కలిసి ఆ స్విచ్చికి కరెంటు తగిలి ఉండవచ్చన్నది నమ్మదగ్గ ఊహే. ఆకాశంలో రాత్రింబగళ్ళు మోసుకు తిరగడానికి ఈ రకం బాంబుకి తగినంత భద్రత లేదు.

మన సొసైటీలో రిలేలు, కంట్రోలు ప్యానెళ్ళు తయారుచేసే కంపెనీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకి ఇది చదివి వినిపించాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మేము వాషింగు మెషీను తలుపుకి కూడా ఒక్క స్విచ్చి మీద ఆధారపడం బాబూ" అన్నారు. తర్వాత కాసేపాగి, "అయినా ఆ స్విచ్చి చేసినవాడెవడో దాన్ని బాగానే చేశాడు. వాడికో నమస్కారం" అన్నారు. మేము ఈ రెండో మాట గురించే ఎక్కువ ఆలోచించాం. ఏ కర్మాగారంలోనో ఒక మామూలు రోజున, మామూలు జీతానికి, ఎవరో దాన్ని కూర్చారు. ఎవరో తనిఖీ చేసి సంతకం పెట్టారు.

కొందరు నిపుణులు, అంత భయం అక్కర్లేదు, ఆపినది ఆగింది కదా, భద్రత పనిచేసినట్టే అంటారు. మాకు ఆ వాదన నచ్చలేదు. నాలుగు తాళాల్లో మూడు వాటంతటవే ఊడిపోయి నాలుగోది మిగిలితే, తాళం బాగుందని పొగుడుతామా, తలుపు సంగతి చూస్తామా? జోన్స్ తలుపు సంగతి చూశాడు. అయితే ఆయన రాసింది ప్రమాదం జరిగిన ఎనిమిదేళ్ళకి. ఆ మధ్యలో, 1966లో స్పెయిన్‌లో పలోమారెస్ మీద, 1968లో గ్రీన్‌లాండ్‌లో తూలే దగ్గర, ఇలాంటి విమానాలే బాంబులతో కూలాయి. తూలే తర్వాతే బాంబులు మోస్తూ తిప్పడం మానేశారు.

అన్నట్టు, మన చుట్టుపక్కల ఇదొక్కటే కాదు. మిర్టిల్ బీచికి వెళ్ళే దారిలో సౌత్ కేరొలైనాలో ఫ్లోరెన్స్ తగులుతుంది. దాని పక్కన మార్స్ బ్లఫ్ అనే చోట 1958 మార్చి 11న ఒక బి-47 నుంచి బాంబు జారిపడింది. కొక్కెం సరిగ్గా పడలేదని చూడటానికి వెళ్ళిన మనిషి పట్టు కోసం చెయ్యి చాచి, విడుదల మీటనే పట్టుకున్నాడు. అణు గుండె అందులో పెట్టలేదు గనక సరిపోయింది. మామూలు పేలుడు పదార్థం మాత్రం పేలి, పిల్లలు ఆడుకునే చిన్న ఇల్లు మాయమై 70 అడుగుల వెడల్పు గొయ్యి పడింది. పిల్లలు కాస్త దూరంగా ఆడుకుంటున్నారు. ఆరుగురికి గాయాలయ్యాయి, ఎవరూ చనిపోలేదు, కోళ్ళు తప్ప. అదే సంవత్సరం ఫిబ్రవరిలో సవానా దగ్గర, మనం వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అత్తమామల్ని తీసుకెళ్ళే టైబీ దీవి దాపున, గాలిలో గుద్దుకున్న బి-47 ఒకటి తన బాంబుని సముద్రంలో వదిలేసింది. వెతికారు, దొరకలేదు. ఇంకా అక్కడే ఉంది. ఇది చెప్పింది మీ సెలవులు పాడుచేయడానికి కాదు.

సంక్రాంతి వెళ్ళిన శనివారం నాడు డాక్టరు దంపతుల్ని కారులో ఎక్కించుకుని మేమే బయలుదేరాం. రాలీ నుంచి గంటకి కాస్త పైన. ఫారోకి మూడు మైళ్ళ ఉత్తరాన యురీకా అనే చిన్న ఊరుంది. అక్కడ రోడ్డు పక్కన రాష్ట్ర చరిత్ర శాఖ 2012లో ఒక పలక నిలబెట్టింది. పైన పెద్ద అక్షరాలతో "న్యూక్లియర్ మిస్‌హ్యాప్" అని ఉంది. మిస్‌హ్యాప్ అంటే మనం కాఫీ ఒలికిపోతే అనే మాట. రెండు అణుబాంబులు మోస్తున్న బి-52 కూలిందనీ, పెద్ద విపత్తు తప్పిందనీ, ముగ్గురు సిబ్బంది చనిపోయారనీ, అది ఇక్కడికి మూడు మైళ్ళ దక్షిణాన అనీ నాలుగు ముక్కల్లో రాసి ఉంది. ఆవిడ పలక పక్కన నిలబడి ఫోటో తీయించుకోలేదు. డాక్టరుగారు తీయించుకున్నారు.

అక్కడి గాస్ స్టేషనులో ఒక ముసలాయన మా నలుగుర్నీ చూసి తనే పలకరించాడు. పలక చూడ్డానికి వచ్చామని చెప్పాం. తనకప్పుడు తొమ్మిదేళ్ళట. కిటికీ అంతా ఎర్రగా వెలిగి, తెల్లవారిందనుకుని లేచి చొక్కా వేసుకున్నాడట. తండ్రి బయటికి పరిగెత్తి, తిరిగొచ్చి, బడి లేదు పడుకోమన్నాడట. "ఇక్కడే పుట్టాను, ఇక్కడే ఉన్నాను" అన్నాడు. ఆవిడ, నీళ్ళు ఎక్కడివి తాగుతారని అడిగారు. ఆయన నవ్వి, "మా బావివే, చూడండి ఎలా ఉన్నానో" అని రెండు చేతులూ చాచాడు. డాక్టరు కళ్ళతో ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, కాళ్ళ వాపు గురించి అడిగి, మందులు సరిగ్గా వేసుకోమని మా డాక్టరుగారు సలహా ఇచ్చారు. గోల్డ్స్‌బరోలో ఆయన మొదటి పేషెంటు ఆయనే అనుకోవాలి.

ఫారో వైపు వెళ్ళి రోడ్డు మీదనుంచే చూశాం. పొలం ఎవరిదో, దిగకూడదు. కోత అయిపోయి ఖాళీగా ఉంది, చాళ్ళలో నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి. గురుతు, కంచె ఏమీ కనపడలేదు. తిరుగు దారిలో కారులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒక్కసారి డాక్టరుగారు మాత్రం, ఆ చచ్చిపోయిన ముగ్గురి పేర్లు పలక మీద ఎందుకు లేవు అన్నారు.

ఇల్లు కొంటున్నారా లేదా అని మీరడుగుతారని తెలుసు. కొన్నారు. కాని పెకాన్ చెట్ల ఇల్లు కాదు. ఊళ్ళోనే, మునిసిపల్ నీళ్ళు ఉన్నచోట, ఆసుపత్రికి అయిదు నిమిషాల్లో. "లెక్క ప్రకారం భయం లేదని నాకూ తెలుసు అన్నయ్యగారూ, కాని బావి తవ్వాలంటే చేతులు రావు" అన్నారావిడ. వచ్చే నెల రెండో ఆదివారం సత్యనారాయణ వ్రతం. మనవాళ్ళందర్నీ రమ్మన్నారు. వంట మా ఆవిడ చూసుకుంటోంది, గిన్నెలు, విస్తళ్ళు తెచ్చేవాళ్ళు ముందుగా ఫోను చేయండి. దారి తెలియనివాళ్ళు మా వెనకే రావచ్చు.